పాత ఎలక్ట్రిక్ రైలు కంపెనీల కాగితాల పెట్టె దొరికితే ఏం చేయాలి?

కొలంబస్ దగ్గర ఎస్టేట్ సేల్‌లో మీరు కొన్న అట్టపెట్టె గురించి రాసింది చదివాను. అందులో ఒహాయో ఎలక్ట్రిక్ రైల్వేవి, అంతకుముందున్న ట్రాక్షన్ కంపెనీలవి (అంటే కరెంటు ట్రాములు, రైళ్లు నడిపినవి) కొన్ని షేర్ సర్టిఫికెట్లు, ఇంకా వడ్డీ కూపన్లు చింపని గోల్డ్ బాండ్ (బంగారు నాణేల్లో తీరుస్తామన్న అప్పు పత్రం) ఒకటి, పల్చటి కాగితాలతో కుట్టిన లావుపాటి పుస్తకం, కండక్టర్లు నింపిన ట్రిప్ షీట్ల కట్టలు, నాలుగైదు నీలి ప్లాన్లు (బ్లూప్రింట్లు) ఉన్నాయన్నారు. సర్టిఫికెట్లు విడివిడిగా అమ్మేసి మిగతాది పారేయవచ్చా, బాండ్ మీద ఇప్పుడు డబ్బేమైనా వస్తుందా, ఉంచుకుంటే ఎలా దాచాలి, ఇలాంటివి ఇంకా సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఇండియానాలో ఉంటాను. చాలా ఏళ్లుగా ఈ కాగితాలే సేకరిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఒక్క మాట. ఆ పెట్టెలోంచి ఏదీ పారేయకండి, ఏదీ విడగొట్టకండి. ఫ్రేమ్ కట్టించుకోదగ్గ షేర్ సర్టిఫికెట్లు ఈ దేశంలో కొదవ లేకుండా దొరుకుతాయి. మీరు చెత్త అనుకుంటున్న ఆ పల్చటి కాగితాల పుస్తకం, ఆ ట్రిప్ షీట్లు మాత్రం ప్రపంచంలో ఒక్కటే ప్రతి. అవి పోతే ఆ లైను ఎలా నడిచింది, ఎందుకు మూతపడింది అన్నది తెలుసుకునే దారి కూడా పోతుంది. పైగా ఏ కాగితం ఏ కాగితం పక్కన ఉంది అన్నదానికి కూడా విలువ ఉంది. ఒక బాండ్, దాని వడ్డీ ఎగ్గొట్టిన ఏడాదికి చెందిన ఉత్తరాలు ఒకే పెట్టెలో ఉంటే అది చరిత్ర. విడిపోయి పది మంది ఇళ్లకు చేరితే ఆ రెండింటినీ మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు.

ఈ కంపెనీలు ఏమిటో కొంచెం తెలిస్తే మీ పెట్టె మీకే అర్థమవుతుంది. 1888 ఫిబ్రవరిలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజినీరు కరెంటు ట్రాములు నడిపి చూపించాడు. అంతకుముందే బెర్లిన్‌లో సీమెన్స్, అలబామాలోని మాంట్‌గోమరీలో వాన్ డెపోలె నడిపారు గానీ, గుట్టల మీదుగా ఎక్కుతూ దిగుతూ ఒక పెద్ద ఊరంతా తిరిగి, ఇది వ్యాపారంగా నిలబడుతుందని నమ్మకం కలిగించింది రిచ్‌మండ్ లైనే. 1890లో అమెరికా వీధి రైలు పట్టాల్లో కరెంటుతో నడిచేవి ఆరో వంతు కూడా లేవు, మిగతావన్నీ ఎక్కువగా గుర్రాలు లాగినవే. 1902 సెన్సస్ లెక్కకు అది 97 శాతానికి చేరింది. పన్నెండేళ్లలో అంత మార్పు. ఆ ఊపులోనే ఊరు దాటి పక్క ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి లైన్లు వేశారు. వాటినే ఇంటర్‌అర్బన్లు అన్నారు. 1916 నాటికి దేశమంతా కలిపి 15,000 మైళ్లు దాటాయి. మీ ఒహాయోలోనే 2,700 మైళ్ల పైచిలుకు. 10,000 జనాభా దాటిన ఊళ్లలో ఇంటర్‌అర్బన్ రానిది కొషాక్టన్ ఒక్కటే. ఆ తర్వాత మోటారు కార్లు, బస్సులు, తారు రోడ్లు వచ్చాయి. 1930లు ముగిసేసరికి ఒహాయోలో ఈ లైన్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

పాతికేళ్లలో పుట్టి, మరో పాతికేళ్లలో పోయిన వ్యాపారం ఇది. అందుకే దీని కాగితాలు ఇంత విచిత్రంగా ఉంటాయి. ప్రతి చిన్న లైనుకూ సొంత కంపెనీ, సొంత షేర్లు, సొంత బాండ్లు, దారిలోని ప్రతి ఊరితోనూ ఒక ఒప్పందం. ఆ తర్వాత సిండికేట్లు, అంటే పెట్టుబడిదారుల కూటములు, వచ్చి వాటిని కలిపేశాయి. మీ ఒహాయో ఎలక్ట్రిక్‌నే తీసుకోండి. 1907లో షోఫ్ అనే ఆయన నడిపించిన సిండికేట్ దాన్ని పెట్టింది. అది పట్టాలు పెద్దగా వేయలేదు. ఉన్న కంపెనీలను లీజుకు తీసుకుని 600 మైళ్లకు పైగా నడిపింది. ఇండియానా, కొలంబస్ అండ్ ఈస్టర్న్, లిమా అండ్ టొలీడో, సిన్సినాటి, డేటన్ అండ్ టొలీడో లాంటివి దాని కింద ఉండేవి. 1921లో కోర్టు నియమించిన రిసీవర్ చేతికి పోయింది, లీజులు రద్దయి ముక్కలు మళ్లీ విడిపోయాయి. ఆ ముక్కల్లో కొన్ని చేతులు మారి, 1930లో థామస్ కాన్వే నాయకత్వంలో సిన్సినాటి అండ్ లేక్ ఈరీగా తయారయ్యాయి. ఎర్ర రంగు వేసిన దాని కొత్త కారును (ఈ లైన్ల మీద నడిచే ట్రాము పెట్టెనే కారు అనేవాళ్లు) అదే ఏడాది డేటన్ దగ్గర విమానంతో పందెం పరిగెత్తించారు. 1939కి అదీ మూతపడింది. కాబట్టి మీ పెట్టెలో అయిదారు కంపెనీల పేర్లు కనిపిస్తే వేరువేరు కుప్పలు పెట్టకండి. ఒకే పట్టాల మీద మారుతూ వచ్చిన పేర్లు అయి ఉండొచ్చు. ముందు ఒక తెల్ల కాగితం మీద ఏ పేరు ఏ సంవత్సరాల్లో కనిపిస్తోందో రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు షేర్ సర్టిఫికెట్లు. వాటి మీద వేలు ఆనించి మెల్లగా జరపండి. బొమ్మ, అంచుల అల్లిక వేలికి కాస్త గరుకుగా తగిలితే అది చెక్కిన పలకతో అచ్చువేసింది. అడుగున అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ లాంటి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నున్నగా ఉంటే లితోగ్రాఫ్, అంటే చదునైన రాయి లేదా పలకతో అచ్చువేసింది. చాలా చిన్న కంపెనీలు షికాగోలోని గోస్ లాంటి ప్రెస్సులు ముందే అచ్చేసి పెట్టిన అంచులున్న ఖాళీ ఫారాలు కొని, మధ్యలో తమ పేరు వేయించుకునేవి. అలాంటివి చూడ్డానికి సాదాగా ఉంటాయి గానీ, తరచూ అవే అరుదైనవి. ఎందుకంటే డబ్బు లేని కంపెనీలు కొద్ది షేర్లే అమ్మగలిగాయి, కొద్ది కాగితాలే మిగిలాయి.

వెనక్కి తిప్పి రెవెన్యూ స్టాంపులు చూడండి. 1898 జూలైలో స్పెయిన్ యుద్ధం కోసం పన్ను వేసినప్పుడు యుద్ధనౌక బొమ్మ ఉన్న స్టాంపులు వచ్చాయి, 1902 వరకూ నడిచాయి. ఆ తర్వాత ఫెడరల్ స్టాంపు మళ్లీ 1914లో, ఆపై 1917 నుంచి కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రం 1905లో తన సొంత బదిలీ పన్ను పెట్టింది. 1908 తేదీ ఉన్న సర్టిఫికెట్ వెనక 1918 తర్వాతి స్టాక్ ట్రాన్స్‌ఫర్ స్టాంపు ఉందంటే పదేళ్లకు పైగా దాచుకుని అప్పుడు అమ్మారన్నమాట. అదే కాలంలో ట్రాక్షన్ కంపెనీల ధరలు పడిపోతున్నాయి. ఆ స్టాంపు పక్కన సంతకం చేసినవాళ్లు ఏ నష్టంతో వదిలించుకున్నారో ఊహించవచ్చు.

ఈ షేర్ల గురించి ఒకటి తెలుసుకోవాలి. మొహం మీద 100 డాలర్లు అని ఉన్నంత మాత్రాన ఎవరో 100 డాలర్లు కట్టి కొన్నారని కాదు. చాలా కంపెనీలు పట్టాలకూ కార్లకూ కావలసిన అసలు డబ్బును బాండ్లు అమ్మి తెచ్చుకుని, కామన్ షేర్లను బాండ్లతో పాటు కొసరుగా ఇచ్చేవి. ప్రమోటర్లు, కాంట్రాక్టర్లు కూడా పనికి బదులు షేర్లు తీసుకునేవాళ్లు. అందువల్ల మీ దగ్గరున్న సర్టిఫికెట్ మీద పేరు ఎవరిదో వెతకండి. అది ఆ ఊరి బ్యాంకు అధికారిదో, కాంట్రాక్టర్‌దో అయితే, ఆ లైను ఎలా పుట్టిందో ఆ ఒక్క కాగితమే చాలావరకు చెబుతుంది.

బాండ్ విషయానికొద్దాం, మీరు టెన్షన్ పడుతున్నది దీని గురించే. 5 శాతం వడ్డీకి 1,000 డాలర్ల బాండ్ అంటే ఆరు నెలలకు 25 డాలర్లు. ఆ 25 డాలర్ల కూపన్లే కింద వరసగా, తేదీలతో అచ్చయి ఉంటాయి. తేదీ రాగానే ఒకటి కత్తిరించి ట్రస్ట్ కంపెనీ కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లు. మిగిలిన కూపన్లలో అన్నిటికంటే ముందు తేదీ ఏదో చూడండి. అది 1921 ప్రాంతంలో ఉంటే, వడ్డీ ఆగిన రోజు మీ చేతిలో ఉన్నట్టే. కంపెనీ పతనం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే కాగితం ఇంకోటి లేదు. అందుకే కూపన్లను విడదీసి అమ్మడం, అంచులు సమంగా కత్తిరించడం లాంటివి చేయకండి.

ఇక డబ్బు. బాండ్ మీద అమెరికా బంగారు నాణేల్లో చెల్లిస్తాం అని రాసి ఉంటుంది. అది చూసి మీకు ఎవరైనా ఇప్పటి బంగారం ధర ప్రకారం లక్షల డాలర్లు వస్తాయని చెబితే నమ్మకండి. ఒప్పందాల్లోని బంగారం షరతులను 1933 జూన్ 5న కాంగ్రెస్ తీర్మానం చెల్లకుండా చేసింది, 1935లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. పైగా ఆ కంపెనీయే లేదు, తాకట్టు పెట్టిన ఆస్తి ఎప్పుడో వేలానికి పోయింది. 1990లలో ఇలాంటి పాత రైల్వే బాండ్లను చూపించి పెట్టుబడి పేరుతో జనాన్ని మోసం చేసిన ముఠాలు తయారయ్యాయి. ఈ మోసం గురించి అమెరికా ట్రెజరీ ఇప్పటికీ హెచ్చరిస్తూనే ఉంది. మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇలాంటి బాండ్ ఆఫర్లు తిరగడం చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మీ బాండ్ సేకరించేవాళ్లకే విలువైనది, అంతే.

పల్చటి కాగితాల పుస్తకం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు అన్నిటికంటే ఆశ పుట్టించింది అదే. అది లెటర్ కాపీ బుక్. కార్బన్ కాగితం బాగా వాడుకలోకి రాకముందు ఆఫీసుల్లో ఉత్తరాల నకళ్లు ఇలా ఉంచుకునేవాళ్లు. నకలు సిరాతో రాసిన లేదా టైప్ చేసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం పరిచి, పుస్తకం మొత్తాన్ని ఇనుప ప్రెస్సులో పెట్టి బిగించేవాళ్లు. సిరా కొంత ఆ కాగితం వెనక వైపుకు ఎక్కుతుంది. అక్షరాలు తిరగబడి పడతాయి, కాగితం పల్చన కాబట్టి ముందు వైపు నుంచి చూస్తే సరిగా కనిపిస్తాయి. చదవాలంటే ఆ పేజీ వెనక తెల్ల కాగితం ఒకటి జొనిపి చూడండి, ఒక్కసారిగా తేలుతుంది. అలా పెట్టే ఫొటోలు కూడా తీయండి.

ఇందులో ఏముంటుందని అడుగుతారేమో. నా దగ్గర ఇండియానాలోని ఓ చిన్న లైను సూపరింటెండెంట్ కాపీ బుక్ ఉంది. ఒక పేజీలో కారు గుద్దిన ఆవుకు రైతు అడిగిన సొమ్ము ఎక్కువని బేరమాడుతూ ఉత్తరం. రెండు పేజీల తర్వాత, కంచె వేయించడానికి డబ్బు పంపమని పై ఆఫీసుకు ఉత్తరం. ఆ తర్వాత అదే విషయం మీద మళ్లీ గుర్తుచేస్తూ ఇంకొకటి, ఇంకొకటి. డైరెక్టర్ల వార్షిక నివేదికలో అదే ఏడాది అంతా లాభాల మాటే ఉంది. తరుగుదలకు పైసా పక్కన పెట్టకుండా డివిడెండ్ ఇచ్చారు. పట్టా అరిగిపోతోంది, స్లీపర్లు కుళ్లిపోతున్నాయి అని కింద నుంచి వస్తున్న మొర కాపీ బుక్‌లో ఉంది. నివేదిక లైబ్రరీల్లో దొరుకుతుంది, కాపీ బుక్ ఇంకెక్కడా దొరకదు. ఇంటర్‌అర్బన్లను మోటారు కార్లు చంపాయన్నది నిజమే. చాలా లైన్లు మోటారు కార్లు రాకముందే లోపల్లోపల జబ్బు పడి ఉన్నాయన్నది కూడా నిజం, అది ఈ పుస్తకాల్లోనే కనిపిస్తుంది.

ట్రిప్ షీట్లు కూడా అంతే. ఒక్కొక్కటి తీసుకుంటే ఏమీ లేదు. కారు నంబరు, బయల్దేరిన సమయం, రిజిస్టర్ (ఛార్జీలు లెక్కపెట్టే యంత్రం) మొదటి అంకె, చివరి అంకె, వసూలైన నగదు, కింద కండక్టర్ సంతకం. ఆ రిజిస్టర్ కూడా మీ పక్క ఊరి సరుకే కావచ్చు, డేటన్‌లోని ఓమర్ కంపెనీ తయారు చేసిన ఫేర్ రిజిస్టర్లు ఈ లైన్ల మీద బాగా వాడేవాళ్లు. అయితే ఒక నెల షీట్లు వరసగా ఉంటే లెక్క మారిపోతుంది. ఏ రోజు ఎంతమంది ఎక్కారు, ఆదివారం బకాయ్ లేక్ పార్క్‌కు జనం ఎలా విరగబడ్డారు, శీతాకాలంలో కార్లు ఎంత ఖాళీగా తిరిగాయి అన్నది ఎక్సెల్‌లో ఎక్కిస్తే కళ్ల ముందు కనిపిస్తుంది. కరెంటు అమ్ముకోవడానికి, సెలవు రోజుల్లో కార్లు నింపుకోవడానికి ఈ కంపెనీలు సొంత పార్కులు నడిపేవి. వాటి సంగతి కూడా షీట్ల వల్లే తెలుస్తుంది. కట్టలు విప్పితే వరస చెదరకుండా చూసుకోండి.

మీ పెట్టెలో పాత ఊరి ట్రాన్స్‌ఫర్ టికెట్లు (ఒక కారు దిగి ఇంకో కారు ఎక్కడానికి ఇచ్చేవి) ఉన్నాయేమో కూడా వెతకండి. 1890లలో కొన్ని ఊళ్లలో ట్రాన్స్‌ఫర్ల మీద మీసాలున్న మొహం, గడ్డమున్న మొహం, టోపీ పెట్టిన ఆడమనిషి మొహం ఇలా వరసగా అచ్చేసేవాళ్లు. ఎక్కినవాళ్లు ఎలా ఉన్నారో చూసి కండక్టర్ ఆ బొమ్మ మీద చిల్లు కొట్టేవాడు, టికెట్ ఇంకొకరికి ఇచ్చేయకుండా. నాకు భలే ఇష్టమైనవి, దొరికితే ఒక్కటైనా వదలకండి.

ప్రమాదాల ఫైళ్లు ఉంటే జాగ్రత్తగా చూడాలి. 1910 సెప్టెంబర్ 21న ఇండియానాలోని కింగ్స్‌లాండ్ దగ్గర రెండు ఇంటర్‌అర్బన్ కార్లు ఎదురెదురుగా గుద్దుకుని 40 మందికి పైగా చనిపోయారు. ఒంటి పట్టా మీద ఒక కారు ఎదురు కారుకు దారి ఇచ్చే పక్క పట్టాలో (సైడింగ్‌లో) ఆగకుండా వచ్చేసింది. ఇలాంటి వాటి తర్వాత కంపెనీలు సాక్షుల వాంగ్మూలాలు, డాక్టర్ల సర్టిఫికెట్లు, పరిహారం రసీదులు కట్టలుగా దాచేవి. వాటికి కొనేవాళ్లు ఎక్కువ. గాయపడ్డవాళ్ల పేర్లు, వాళ్ల శరీర వివరాలు ఉన్న పేజీలను నెట్‌లో ఫొటోలుగా పెట్టి అమ్మడం నాకు నచ్చదు. ఆ కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నాయి. అలాంటివి ఆర్కైవ్‌కి ఇవ్వడమే మంచిది.

ధరల గురించి సూటిగా చెబుతాను. రద్దు చేసిన మామూలు ట్రాక్షన్ షేర్ సర్టిఫికెట్లు 15 నుంచి 60 డాలర్ల మధ్య పోతాయి. చిన్న కంపెనీది, కారు బొమ్మ స్పష్టంగా ఉన్నది, జారీ అయినది అయితే వంద దాటవచ్చు. స్ప్రేగ్, లాస్ ఏంజెలస్‌లో పసిఫిక్ ఎలక్ట్రిక్ పెట్టిన హెన్రీ హంటింగ్టన్ లాంటి వాళ్ల అసలు సంతకం ఉంటే వందల్లోకి వెళ్తుంది, కానీ అది ఆయనే చేశాడా, అచ్చు సంతకమా, గుమాస్తా చేశాడా అన్నది పోల్చి చూడకుండా కొనకండి. జారీ కాని ఖాళీ ఫారాలు పుస్తకాల కొద్దీ మిగిలాయి, వాటిపై ఈ మధ్య పేర్లు రాసి అసలువని అమ్మేవాళ్లున్నారు. చిల్లు లేకుండా, మడత లేకుండా, సిరా మరీ నల్లగా మెరుస్తూ ఉంటే అనుమానించండి. కాపీ బుక్‌లకు, లెడ్జర్లకు నిలకడైన ధరంటూ లేదు. తెలియనివాళ్లు పది డాలర్లకు ఇస్తారు, తెలిసినవాళ్లు ఇవ్వరు.

ఎప్పుడూ పూర్తికాని లైన్ల కాగితాలకు కూడా ఓ ప్రత్యేక గిరాకీ ఉంది. వాటిలో పెద్దది షికాగో, న్యూయార్క్ ఎలక్ట్రిక్ ఎయిర్ లైన్. 1906లో అలెగ్జాండర్ మిల్లర్ అనే ఆయన, రెండు నగరాల మధ్య తిన్నగా గీత గీసినట్టు పట్టా వేస్తాం, 10 గంటల్లో 10 డాలర్లకు చేరుస్తాం అని ప్రకటనలిచ్చి మామూలు జనానికి షేర్లు అమ్మాడు. పని ఎంతవరకు వచ్చిందో వాటాదారులకు చెప్పే పత్రిక కూడా నెలనెలా పంపేవాళ్లు. వంకర ఒక్కటీ ఉండకూడదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు అని పట్టుబట్టడంతో ఉన్న డబ్బంతా ఇండియానాలో ఒక వాగు దాటించే మట్టికట్టలోకే పోయింది. ఆ మహా మార్గంలో తయారైంది లాపోర్ట్ దగ్గర కొద్ది మైళ్లు మాత్రమే. దాని షేర్ సర్టిఫికెట్, ఆ పత్రిక సంచికలు రెండూ కలిపి దొరికితే తప్పక తీసుకోండి. నమ్మి పొదుపు సొమ్ము పెట్టిన టీచర్లు, రైతులు, గుమాస్తాల ఆశ ఎలా నిలబెట్టారో వాటిలో కనిపిస్తుంది.

భద్రపరచడం. ఒహాయో బేస్‌మెంట్‌లో తేమ, గరాజ్‌లో ఎండ వేడి, అటక మీద రెండూ. పెట్టెను మీరు ఉండే గదిలోనే, బయటి గోడకు తగలని అల్మరాలో పెట్టండి. బూజు వాసన వస్తే మిగతా పుస్తకాలకు దూరంగా ఉంచి, మాస్క్ పెట్టుకుని ముట్టుకోండి. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన క్లిప్పులు ముందు తీసేయాలి, లాగేయకూడదు. క్లిప్పుకు రెండు వైపులా పల్చటి పాలిస్టర్ ముక్క జొనిపి మెల్లగా జార్చండి. సెల్లో టేప్ వద్దు, లామినేషన్ అసలే వద్దు, లామినేట్ చేసిన కాగితం ఇక చచ్చినట్టే. సర్టిఫికెట్లను పాలిస్టర్ తొడుగుల్లో, మిగతావి యాసిడ్ లేని ఫోల్డర్లలో పెట్టండి. ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ తొడుగులు కాగితాన్ని తినేస్తాయి. కాపీ బుక్‌కు నీళ్లు, చెమట చేతులు, తడి గుడ్డ ఏదీ తగలనివ్వకండి, అందులోని ఊదా సిరా చుక్క నీటికే పాకిపోతుంది.

నీలి ప్లాన్ల విషయంలో చాలామంది పొరపడతారు. ఆర్కైవ్ సామాన్లలో ఎక్కువగా దొరికేవి క్షారం కలిపిన కాగితం ఫోల్డర్లు. మామూలు కాగితానికి మంచివే, నీలి ప్లాన్లకు చెరుపు, రంగు వెలిసిపోతుంది. వాటికి క్షారం కలపని ఫోల్డర్లు అడిగి తీసుకోండి, వెలుతురు తగలనివ్వకండి. ఫొటో నెగెటివ్‌లు దొరికితే, ముఖ్యంగా వెనిగర్‌లాగో ఘాటుగానో వాసన వేస్తుంటే, విడిగా చల్లటి చోట పెట్టి మ్యూజియం వాళ్లను అడగండి. పాత నైట్రేట్ ఫిల్మ్ తేలిగ్గా మంటలు అంటుకుంటుంది, ప్రమాదం.

స్కాన్ చేసేముందు పెట్టె తెరిచినప్పుడు ఏది ఎక్కడ ఉందో అలాగే ఫొటోలు తీయండి. కాగితాల మీద నంబర్లు వేయకండి, ఫోల్డర్ మీద మెత్తటి పెన్సిల్‌తో వేయండి. కాగితాన్ని లోపలికి లాగే స్కానర్ వాడొద్దు, పెళుసు కాగితం అందులోనే చిరుగుతుంది. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి పై నుంచి తీసిన ఫొటోలు చాలు.

సేకరణ పెంచుకోవాలంటే ఒకే లైను గానీ, ఒకే జిల్లా గానీ ఎంచుకోండి. మీకు ఒహాయో ఎలక్ట్రిక్ ఇప్పటికే చేతిలో ఉంది కాబట్టి దాన్నే పట్టుకోండి. దేశం మొత్తం సేకరిద్దామనుకుంటే బొమ్మలే మిగులుతాయి. ఈబేలో వెతికేటప్పుడు రైల్వే అన్న మాటతో ఆగకండి. సగం కంపెనీల పేర్లలో ట్రాక్షన్ ఉంటుంది, ఇంకొన్నిటిలో లైట్, పవర్ అని మాత్రమే ఉంటుంది. ఎందుకంటే ట్రాములు నడిపిన కంపెనీలే ఊరికి కరెంటు అమ్మాయి. షికాగోలో శామ్యూల్ ఇన్సల్ లాంటివాళ్లు రెండింటినీ కలిపి పెద్ద సామ్రాజ్యాలు కట్టారు. 1932లో ఇన్సల్ సామ్రాజ్యం కూలింది, 1935లో హోల్డింగ్ కంపెనీల (వేరే కంపెనీల షేర్లు చేతిలో పెట్టుకుని నడిపే కంపెనీల) చట్టం వచ్చింది, విద్యుత్ కంపెనీలు నష్టాల్లో ఉన్న రైలు లైన్లను వదిలించుకున్నాయి. కాగితాలు మాత్రం ఆ విద్యుత్ కంపెనీల నేలమాళిగల్లో ఉండిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం పోగేసే ఉద్యమం నడిచినప్పుడు చాలావరకు గుజ్జు అయిపోయింది. తప్పించుకున్నవి ఆడిటర్ల ఇళ్లలో, లాయర్ల ఆఫీసుల్లో, ట్రస్ట్ కంపెనీల అరల్లో మిగిలాయి. మీ పెట్టె కొన్న ఇల్లు ఎవరిదో కనుక్కోగలిగితే కనుక్కుని రాసిపెట్టుకోండి. తాతో ముత్తాతో కంపెనీలో పనిచేసి ఉంటారు.

పాత పత్రికల షోలు, పోస్ట్‌కార్డ్ షోలు, ట్రైన్ షోలకు వెళ్లండి. అక్కడ సర్టిఫికెట్లు బల్ల మీద ఉంటాయి, అసలైన సరుకు బల్ల కింద అట్టపెట్టెల్లో ఉంటుంది. కొనేముందు లైబ్రరీ ముద్రలు, కోర్టు ముద్రలు, కౌంటీ రిజిస్టర్ నంబర్లు ఉన్నాయేమో చూడండి. ప్రభుత్వ రికార్డు ఎవరి చేతిలో ఉన్నా ప్రభుత్వానిదే, వెనక్కి అడగవచ్చు. లైబ్రరీ వాళ్లు తీసేసినట్టు ముద్ర వేసి ఉంటే ఫర్వాలేదు.

చదువుకోవడానికి స్ట్రీట్ రైల్వే జర్నల్, అదే 1908 నుంచి ఎలక్ట్రిక్ రైల్వే జర్నల్, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ లైను పేరు అందులో వెతికితే కార్లు ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు దివాలా తీశారు అన్నీ వస్తాయి. కార్లు తయారు చేసిన బ్రిల్ కంపెనీ రికార్డులు ఫిలడెల్ఫియాలోని హిస్టారికల్ సొసైటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో, సెయింట్ లూయిస్ కార్ కంపెనీవి అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉన్నాయి. మీకు అన్నిటికంటే దగ్గర వర్తింగ్టన్‌లోని ఒహాయో రైల్వే మ్యూజియం. పాత ఇంటర్‌అర్బన్ దారి మీదే ఉంది, 1905లో నైల్స్ కంపెనీ కట్టిన చెక్క కారు కూడా అక్కడుంది. పిల్లల్ని తీసుకెళ్లండి. ఆ కారులో కూర్చుంటే మీ ట్రిప్ షీట్ మీద గళ్లు ఎందుకు ఉన్నాయో అర్థమవుతుంది.

ఇండియాకు వెళ్లినప్పుడు ఇలాంటిదే వెతుక్కోవాలనిపిస్తే మద్రాసు ట్రాములు చూడండి. 1895లో మొదలయ్యాయి, దేశంలో మొదటి కరెంటు ట్రాములు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం కాబట్టి చదువులకు, కోర్టు పనులకు వెళ్లిన మన పెద్దవాళ్లు ఎక్కినవే. 1953లో ఆగిపోయాయి. కంపెనీ లండన్‌లో రిజిస్టరైంది కాబట్టి దాని షేర్లు ఇంగ్లండ్ వేలాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తాయి. టికెట్లు, ఉద్యోగుల కాగితాలు మాత్రం చెన్నైలో పాత ఇళ్ల పెట్టెల్లోనే ఉండాలి.

ఎప్పుడైనా ఇచ్చేయాలనుకుంటే పెట్టె మొత్తం ఒకే చోటికి ఇవ్వండి. కొలంబస్‌లోని ఒహాయో హిస్టరీ కనెక్షన్‌ను అడగవచ్చు. విరాళం విలువ 5,000 డాలర్లు దాటితే పన్ను మినహాయింపుకు అర్హత ఉన్న మదింపుదారు సర్టిఫికెట్ కావాలి, అది ముందే చూసుకోండి.

ప్రస్తుతానికి కాపీ బుక్ మొదట్లో అక్షర క్రమంలో పేర్ల సూచిక ఉంటుంది, దాన్ని, మొదటి పది పేజీలను, బాండ్ కూపన్ల వరసను ఫొటోలు తీసి పంపండి. సూచికలోని పేర్లను బట్టి అది సూపరింటెండెంట్ ఆఫీసుదా, ఆడిటర్‌దా, పరిహారాల వ్యవహారం చూసే క్లెయిమ్స్ ఏజెంట్‌దా అన్నది చెప్పగలను. అది తేలేదాకా ఆ ట్రిప్ షీట్ల కట్టల తాళ్లు విప్పకండి.